భుజం మీది తువ్వాలు

కథ ఇంతవరకు నడిచిన దారి ఇది. బేతనియపేట ఏసుదానం మేస్టారి కూతురు కృపారాణి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. థాయ్‌లాండ్ కొండల్లో, యజమానుల నుంచి విడిపించి తెచ్చిన ఏనుగుల శిబిరంలో, ఒక పరిశోధనకు వాలంటీరుగా ఏడు నెలలు పనిచేసి వచ్చింది. ఒడిశా వైపు నుంచి దిగిన ఐదు ఏనుగుల మంద నాగావళి ఒడ్డు పొలాల్లో తిరుగుతుంటే, విశాఖలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను పిలిపించి ఊరూరా సభలు పెట్టించింది. 'ఏనుగు ఎదురైతే పరిగెత్తకండి, కదలకుండా నిలబడండి' అన్న ఆమె మాట, ఆమె ఫొటోతో సహా కరపత్రమై పదకొండు ఊళ్ల గోడలకెక్కింది. గత బుధవారం పొద్దున్న జోగివలస చెరుకుతోట దగ్గర, మంద జాడ కనిపెట్టే ట్రాకరు ఎర్రన్నను ఏనుగు తొక్కి చంపింది. చూసినవారు లేరు. థాయ్ శిబిరం కృపారాణికి రెండేళ్ల ఉద్యోగం ఇచ్చింది. గురువారం ప్రయాణం. ఇక రావలసింది ఈ సంస్థ ఇచ్చే అనుభవపత్రం ఒక్కటే. అది చేతికి రావాలంటే ఎర్రన్న భార్య జగ్గమ్మ చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకురావాలి.

* * *

జీపు జోగివలస మొదట్లో, బోరింగు దగ్గర ఆగింది. లోపలికి పోనివ్వొద్దని పృథ్వీరాజ్ డ్రైవరుకు ముందే చెప్పాడు. అతను ఆ సంస్థకు జిల్లా బాధ్యుడు.

"నేను రాను. నేనొస్తే సంస్థవాళ్లు ఒత్తిడి చేశారంటారు. నువ్వైతే మేస్టారి కూతురివి," అన్నాడు. "పది నిమిషాల పని. అడిగితే చదివి వినిపించు. అడక్కపోతే వదిలెయ్."

ఒక అట్ట ఫైలు, ఒక స్టాంపు ప్యాడ్ ఆమె చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం మూడు దాటింది. తిత్లీ తుపానుకు విరిగిన మునగచెట్టు నెల గడిచినా దారికి అడ్డంగానే ఉంది. కృపారాణి దాన్ని దాటుకుని నడిచింది. బడి గోడ మీద కరపత్రం కనిపించింది. అందులో ఏనుగు తొండం చాచి ఆమె అరచేతిని తాకుతోంది. ఆమె ముఖం మీద ఎవరో పేడ కొట్టారు. ఏనుగు మీద ఒక్క చుక్క పడకుండా గురి చూసి కొట్టారు.

ఆరు రోజులుగా ఆమె ఒకే ఒక్క ఆలోచనను పట్టుకుని వేలాడుతోంది. ఎర్రన్న పరిగెత్తే ఉంటాడు. ఫైల్లోని కాగితంలో ఉన్నది అబద్ధం కాకపోవచ్చు. పదేళ్ల అలవాటు ఒక సభలో విన్న మాటతో పోదు.

ఆ అలవాటు గురించి ఆ సభలో ఎర్రన్నే చెప్పాడు. సెప్టెంబరులో, ఇదే బడి వరండాలో. ఏనుగు మీదికి వస్తే ట్రాకర్లు భుజం మీది తువ్వాలు వెనక్కి విసిరేసి, అడ్డదారిన పల్లానికి పరిగెత్తుతారు. ఏనుగు తువ్వాలు దగ్గర ఆగుతుంది. మనిషి వాసన అందులోనే ఉంటుంది కనుక దాన్నే కాలికింద వేసి రాస్తుంది, చింపుతుంది. ఆ కాసేపట్లో మనిషి దూరం పోతాడు. "మూడు తువ్వాళ్లు పోనాయి పాపా, మనిసిని మిగిలినాను," అన్నాడు. జనం నవ్వారు.

అప్పుడు కృపారాణి మైకు తీసుకుని అతన్ని సరిదిద్దింది. అది పాత పద్ధతి అన్నా, అంది. పరిగెత్తేదాన్ని తరమడం జంతువు స్వభావం, అంది. తువ్వాలు ముఖం తుడుచుకోవడానికి ఉంచుకో, అంది. జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఎర్రన్న కూడా నవ్వి, తువ్వాలు ఒకసారి తడుముకుని కూర్చున్నాడు.

జగ్గమ్మ ఇల్లు ఊరికి చివర. వాకిట్లో కూర్చుని చేటలో చోళ్లు చెరుగుతోంది. నలభై ఏళ్లుంటాయి. కృపారాణిని చూసింది. చేట ఆగలేదు. గుమ్మం పక్కన గోడకు జేరబడి ఎర్రన్న తల్లి మరిడమ్మ కూర్చుని ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

"ఏటే జగ్గీ, ఎవలొచ్చినారు?"

"ఏనుగుల మేడమొచ్చినాదత్తా."

"నిలబడమన్న మేడమేనా?"

"ఆవిడే."

"అయితే కూకోమనకు," అంది మరిడమ్మ. "నిలబడే ఉండమను."

కృపారాణి నిలబడే ఉంది.

"రాలేకపోయానక్కా. రెండుసార్లు బయలుదేరి వెనక్కి వెళ్లిపోయాను," అంది.

"అవును మరి. మనిసిని మట్టి సేసినప్పుడు రానేదు. మూడో రోజున రానేదు. ఇయ్యాల పైలట్టుకుని వచ్చినావు. కాగితం తెస్తావని సినబాబు సెప్పినాడులే. ఇలాగివ్వు."

చినబాబు రెండో ట్రాకరు. ఎర్రన్నను తోటలోంచి మోసుకొచ్చింది అతనే.

"నేను చదివి వినిపిస్తానక్కా."

"ఎందుకు? నాకు కళ్లు నేవేటి?" జగ్గమ్మ చేట పక్కన పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది. "ఈ బడిలో మీ నాన్న పన్నెండేళ్లు మేస్టారుగా సేసినాడు. ఆయన దగ్గిర అయిదు దాకా సదివినాను. ఎక్కం తప్పితే తొడపాశం పెట్టీవోడు. నీకూ పెట్టుంటే బాగున్ను."

కృపారాణి ఫైలు ఇచ్చింది. స్టాంపు ప్యాడ్‌ను రెండో చేత్తో వెనక్కి పెట్టుకుంది. జగ్గమ్మ అదీ చూసింది.

"అదేటి? ఏలిముద్దరకా?"

కృపారాణి ప్యాడ్‌ను భుజానికున్న సంచిలో వేసేసింది.

"మేస్టారి కూతురే మేస్టారి సదువుని నమ్మకపోతే ఇంకెవలు నమ్ముతారు?" అంది జగ్గమ్మ. కాగితాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ పైకే చదవడం మొదలుపెట్టింది. బడిలో నేర్చినట్టే, ప్రతి మాటకూ ఆగి చదివింది. "నా భర్త... ఎర్రన్న... సంస్థవారు తెలియజెప్పిన జాగ్రత్తలను... పాటింపక... ఏనుగును చూసి... పరిగెత్తి... కాలు జారి పడినందున... మరణించినాడని... ఇందుకు ఎవరిదీ బాధ్యత... కాదని..."

వేలు వెనక్కి వచ్చి ఒక మాట మీద ఆగింది.

"పరిగెత్తినాడని ఎవలు సూసినారు?"

"ఎవరూ చూడలేదక్కా."

"సూడకపోతే ఎలాగ రాసినారు?"

"పదేళ్లుగా పరిగెత్తినవాడే కదా. ఆ సమయంలో మనిషికి ఆలోచించే వ్యవధి ఉండదు. అలవాటైనదే చేస్తాడు. తువ్వాలు విసిరి..."

"ఏటి ఇసిరి?"

"తువ్వాలు."

జగ్గమ్మ లేచి ఇంట్లోకి వెళ్లింది. బట్టలకొట్టు వాళ్లిచ్చే ప్లాస్టిక్ సంచి పట్టుకొచ్చింది. అందులోంచి ఒక తువ్వాలు తీసి, విప్పకుండా, చోళ్ల చేట మీద పెట్టింది. ఎర్ర అంచు తువ్వాలు. నిలువుగా రెండు మడతలు వేసి, మళ్లీ సగానికి మడిచి ఉంది. పైమడతకు మట్టి పట్టి ఎండిపోయింది. జగ్గమ్మ ఒక వేలితో పైమడత ఎత్తి చూపించింది. లోపలి మడత తెల్లగా ఉంది.

"ఇది ఆడి బుజం మీదే ఉన్నాది. ఎల్లకిలా పడున్నాడు. ఇది బుజం కింద నలిగి ఉన్నాది. ఆ పొద్దున్న నాను మడిసి ఇచ్చిన మడతే. ఊడనైనా ఊడనేదు. సినబాబు తీసి నా సేతికిచ్చినాడు. పోలీసోలు అడగనేదు. మీ సంస్తోలు అడగనేదు. తువ్వాల ఏదని అడగాలని ఎవలికీ తెల్దు కద. నీకు తెలుసును. నువ్వు రానేదు."

కృపారాణి వంగి ఆ మడత చూసింది.

"ఇంకోటి సెప్తాను విను. ఆ కాడ మట్టి మెత్తగా ఉన్నాదట. రెండు పాదాల గుర్తులూ జంటగా ఉన్నాయట. ఎనక్కి ఒక్క అడుగూ నేదట. సినబాబు ఆటి మీద కొబ్బరాకు కప్పొచ్చినాడు. కావాలంటే ఎల్లి సూసుకో. నీకు అడుగులు కొలవడం వచ్చును కద."

మరిడమ్మ గోడ దగ్గర నుంచి అంది: "సబ నుంచొచ్చిన కత సెప్పే. ఇందాకా నాకు సెప్పి ఏడిసినావు కద. దాని మొకాన సెప్పు."

"సెప్తానత్తా." జగ్గమ్మ గొంతు మారలేదు. "సబ నుంచొచ్చి అంబలైనా తాగనేదు. ఇదిగో, నువ్వు నిలబడ్డ సోటే నిలబడ్డాడు. సేతులు కిందికి ఒగ్గీసి, అరసేతులు ముందుకి పెట్టి. 'ఒసే జగ్గీ, నువ్వు ఏనుగువి, నా మీదకి రాయే' అన్నాడు. నాను ఈ సేట పట్టుకుని ఉరికినాను. ఆడు కదల్నేదు. సేట తగిలి ముక్కు గీరుకుపోనాది, అయినా కదల్నేదు. నాను నవ్వి నవ్వి కూలబడిపోనాను. 'మేడమ్ సెప్పిన ఇద్దె నాకొచ్చీసినాదే' అన్నాడు. మర్నాడు సినబాబుకి నేర్పినాడు. ఊరందరికీ నేర్పినాడు. మా అత్తకీ నేర్పినాడు."

"నాకెందుకురా, నాను ఎలాగా కదల్నేను అన్నాను," అంది మరిడమ్మ.

"నాను ఒకటడిగినానాడిని," అంది జగ్గమ్మ. "ఆ దేశంలో ఏనుగు మేడమ్‌ని తొక్కకుండా ఎందుకాగినాదట అని. సబలో అదే నానూ అడిగినానే అన్నాడు. మేడమ్ బయపడనేదట, అందుకని ఆగినాదట అన్నాడు. సరే. మరి ఆడూ బయపడనేదు కద. తువ్వాల బుజం మీంచి జారనైనా జారనేదు. మరిదెందుకాగనేదు? అది సెప్పు. నాకు కాగితాలొద్దు. అది సెప్పి ఎల్లు."

ఎర్రన్న ఆ ప్రశ్న అడిగిన సంగతి కృపారాణికి గుర్తుంది. తానిచ్చిన జవాబూ గుర్తుంది. దాని తర్వాత చప్పట్లు మోగాయి.

శిబిరంలో పని పొద్దున్న ఆరింటికి మొదలయ్యేది. అరటిబోదెలు నరకడం, లద్దె ఎత్తడం, పళ్లు లేని ముసలి ఏనుగులకు అన్నంలో చింతపండు కలిపి ముద్దలు చేయడం. పది తర్వాత పరిశోధన. ఐదు నిమిషాలకొకసారి చేతి గడియారం మోగుతుంది. మోగినప్పుడు ఏనుగు ఏం చేస్తోందో కాగితం మీది గడిలో రాయాలి. తింటోంది, నడుస్తోంది, తల ఊపుతోంది, నిలబడింది. ఎందుకన్నది రాయడానికి గడి లేదు. కృపారాణికి ఇచ్చిన ఏనుగు పేరు బువా. అరవై ఏళ్లు. ముప్పై ఏళ్లు అడవిలో దుంగలు లాగింది, తర్వాత పట్నం వీధుల్లో అడుక్కుంది. వెనక కాలు ఒకటి వంకర. దాని మావటిని అందరూ లుంగ్ దామ్ అనేవారు. లుంగ్ అంటే పెదనాన్న.

మార్చి పద్నాలుగున ఏటి రేవులో కృపారాణి కాలు జారి పడి లేచింది. అరిచింది. బువా బెదిరి ఆమె మీదికే వచ్చింది. ఆమె కాళ్లు కదలక అలాగే నిలబడిపోయింది. మూరెడు దూరంలో బువా ఆగింది. తొండం చాచి ఆమె అరచేతిని వాసన చూసింది. ఒడ్డు మీది జర్మన్ కుర్రాడెవరో ఫొటో తీశాడు. కరపత్రంలో ఉన్నది ఆ ఫొటోనే. సభల్లో చెప్పింది ఇంతవరకే.

సభల్లో చెప్పనిది ఇంకొంచెం ఉంది. ఆమె తిరిగి చూస్తే వెనక లుంగ్ దామ్ ఉన్నాడు. కుడిచెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి ఉన్నాడు. పిడికిట్లో ఏమీ లేదు. బువా చూపు ఆ పిడికిలి మీదే ఉంది. లుంగ్ దామ్ చెయ్యి దించి, వచ్చిన కాస్త ఇంగ్లీషులో చెప్పాడు. నిన్ను చూసి ఆగలేదు. ఈ చెయ్యి చూసి ఆగింది. ఒకప్పుడు ఈ చేతిలో అంకుశం ఉండేది. అంకుశం పారేసి పదకొండేళ్లయింది, దానికి మాత్రం ఇంకా కనిపిస్తోంది. అడవిదైతే ఆగేది కాదు. ఈసారి పడితే లేచి పరిగెత్తు.

కృపారాణి ఆ మాటలు నోటుబుక్కులో రాసుకుంది, తేదీ వేసి. ఆ నోటుబుక్కు ఇప్పుడు ఆమె భుజానికున్న సంచిలోనే ఉంది.

"అక్కా," అంది.

"సెప్పు."

"నా వెనకాల ఒకాయన ఉన్నాడు."

"ఎక్కడ?"

"అక్కడ. ఏనుగు ఆగినప్పుడు. దాని మావటివాడు. ఒకప్పుడు ఆ చేత్తోనే దాన్ని అంకుశంతో పొడిచేవాడు. ఆయన చెయ్యెత్తాడు. అది చూసి ఆగింది. నన్ను చూసి కాదు. అది దెబ్బలు తిన్న ఏనుగు. ఇవి ఎవరి చేతా దెబ్బలు తినలేదు. ఇవి ఆగవు. ఆయన ఆ రోజే చెప్పాడు నాకు."

"ఏ రోజు?"

"ఆ రోజే. పోయినేడు మార్చిలో."

"సబ కన్నా ముందా?"

"ముందే."

పక్కింటి కోడి వచ్చి చేటలో చోళ్లు ఏరుకుంది. జగ్గమ్మ దాన్ని తోలలేదు.

"ఆ ముక్క సబలో సెప్పడానికి ఎంతసేపు పట్టును?" అంది.

కృపారాణి దగ్గర జవాబు ఉంది. రెండు వాక్యాలు. ఊపిరి పీల్చి వదిలేంత సేపు. మొదటి ఊళ్లో చెబుదామనే అనుకుంది. కథ ఏనుగు ఆగిన చోటికి రాగానే జనం చప్పట్లు కొట్టారు. తర్వాతి ఊళ్లో ఆ చోటికి వచ్చి తనే ఆగింది. మూడో ఊరికి కథ అక్కడితో అయిపోయింది. ఇదేదీ జగ్గమ్మకు చెప్పగలిగింది కాదు.

"ఎంతోసేపు పట్టదక్కా," అంది.

జగ్గమ్మ కాగితాన్ని ఫైల్లో పెట్టింది. ఫైలు కృపారాణి కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది.

"ఏలిముద్దర ఎయ్యను. సంతకం పెట్టడం నాకొచ్చును, అదీ పెట్టను. ఈ కాగితంలో ఆడు పరిగెట్టినాడని ఉంటే, ఆ గోడ మీద కాగితం నిజమైపోద్ది. సూసినారా, నిలబడుంటే బతుకును అంటారు. రేపు ఇంకో ఊర్లో ఇంకోడు నిలబడతాడు. ఆడి పెళ్లాం కాడికీ నువ్వే ఎల్తావా, ఆ డబ్బీ పట్టుకుని?"

కృపారాణి వంగి ఫైలు తీసుకుంది. చెయ్యి తువ్వాలు వైపు వెళ్లింది. జగ్గమ్మ దాన్ని ముందే అందుకుని సంచిలో పెట్టేసింది.

"ఇది నీకియ్యను. నీకు సూపించడానికే దాసినాను. సూసినావు. ఎల్లు."

"ఎల్లిపోతన్నాదా?" అంది మరిడమ్మ.

"ఎల్తన్నాదత్తా."

"పరిగెత్తుతాదా, నడిసెల్తాదా?"

* * *

కృపారాణి బడి గోడ దగ్గర ఆగింది. కరపత్రం అంచు గోరుతో పట్టి లాగింది. మైదాపిండి జిగురుతో అతికించారు. ఫొటో ఉన్న సగం ఊడింది. 'కదలకుండా నిలబడండి' అన్న సగం గోడకే ఉండిపోయింది. ఫైలు అట్టతో గీకింది. ఒక్కో అక్షరం పోవడానికి చాలా సమయం పట్టింది. పోయేదాకా గీకింది.

పృథ్వీరాజ్ జీపు దిగి బోరింగు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఊళ్లో ఫోను సిగ్నల్ దొరికేది అక్కడ ఒక్కచోటే.

"అయిందా?"

"లేదు."

"ఏమంటుంది?"

"అతను పరిగెత్తలేదు. తువ్వాలు భుజం మీదే ఉంది. నేను చెప్పినట్టు నిలబడ్డాడు."

పృథ్వీరాజ్ అటూ ఇటూ చూశాడు. డ్రైవరు బీడీ ముట్టించుకుని చింతచెట్టు కిందికి వెళ్లాడు.

"ఇంకెవరికైనా చెప్పావా ఈ మాట?"

"ఆవిడ నాకు చెప్పింది. మిగతా పది ఊళ్లకూ ఇప్పుడే వెళ్దాం. చీకటిపడేలోపు నాలుగైనా తిరగొచ్చు. కాగితాలు చింపాలి. మైకులో చెప్పాలి."

"చింపితే ఏమవుతుందో తెలుసా? తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. మనిద్దరం కోర్టు చుట్టూ తిరుగుతాం. చూడు కృపా, ఆవిడ పెట్టకపోతే పెట్టకపోయింది. సాక్షిగా నువ్వు సంతకం పెట్టు చాలు. అనుభవపత్రం నా బ్యాగులోనే ఉంది. గురువారం విమానమెక్కు. అక్కడి ఏనుగులకైనా పనికొస్తావు. ఇక్కడుండి ఎవరికి పనికొస్తావు?"

కృపారాణి ఫైలు తెరిచింది. పెన్ను అడిగింది. పృథ్వీరాజ్ తన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె కాగితం తిప్పి, రాయని వైపు జీపు బానెట్ మీద పరిచింది. బానెట్ ఇంకా వేడిగా ఉంది. రాయడం మొదలుపెట్టింది. 'పోయిన సంవత్సరం మార్చి పద్నాలుగున ఏనుగు ఆగింది నన్ను చూసి కాదు. నా వెనక...'

"ఏం రాస్తున్నావ్?" పృథ్వీరాజ్ కాగితం మీద చెయ్యి వేశాడు.

అప్పుడే కృపారాణి ఫోను మోగింది. నాన్న.

"అమ్మా కృపా, ఎక్కడున్నావు?"

"జోగివలసలో. ఏంటి నాన్నా?"

"నీకెవరైనా చెబితే కంగారుపడతావని నేనే చేశాను. మంద ఏరు దాటి మన ఒడ్డుకొచ్చింది. చర్చి వెనక మొక్కజొన్నలో ఉన్నాయి. ఐదూ ఉన్నాయి, పిల్లతో సహా. నాకు కనిపిస్తున్నాయి."

ఆమె పెన్ను వదిలేసింది. బేతనియపేటలో ఏనుగులొస్తే చర్చి గంట కొడతారు. ఆ గంట వింటే ఊరు ఊరంతా బడి మేడ మీదికి పరిగెత్తుతుంది. పదేళ్లలో ఆ ఊళ్లో ఏనుగు ఒక్క మనిషినీ ముట్టలేదు.

"నాన్నా, గంట కొట్టించండి. అందర్నీ మేడ ఎక్కించండి. మీరూ ఎక్కండి."

"గంటెందుకమ్మా? శబ్దం చెయ్యొద్దని నీ కాగితంలో ఉంది కదా. గంట కొట్టే దేవమణి తాడు పట్టుకుంటే నేనే ఆపాను. జనం పరుగందుకుంటే కేకలేసి ఆపాను. అందరూ చర్చి వాకిట్లో వరసగా నిలబడ్డారు. పసిపిల్లలు కూడా కదలడం లేదంటే నమ్ము. ఆదివారం ఆరాధనలో రెండుసార్లు చదివి వినిపించాను కదా, బాగా పట్టింది వాళ్లకి."

"నాన్నా, పరిగెత్తండి. ఆ కాగితం తప్పు. నేను చెప్పింది తప్పు. పరిగెత్తమనండి!"

"ఏటమ్మా? గాలి... సరిగా వినపడటం లేదు. ఏడుస్తున్నావేటి? భయం లేదమ్మా. పెద్దది ఇటు తిరిగింది. చెవులు విప్పింది. అందరికంటే ముందు నేనే నిలబడ్డాను, నా వెనక వాళ్లకి ధైర్యంగా ఉంటుందని."

"నాన్నా! వినండి..."

"ఉంటానమ్మా. చేతులు రెండూ ఖాళీగా ఉండాలన్నావు కదా. ఫోను జేబులో పెట్టేస్తున్నాను."